పాపను వెంటిలేటర్ మీద పెట్టారంటే ఆశ వదులుకోవాల్సిందేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నాలుగేళ్ల పాప, బరువు 15 కిలోలు, రెండు ఊపిరితిత్తులకూ నెమ్ము చేసింది. ఆయాసం ఎక్కువై పిల్లల ఐసీయూలో చేర్చారు, వెంటిలేటర్ పెట్టి ఇవాళ్టికి మూడో రోజు. డాక్టర్లు ‘సీరియస్‌గానే ఉంది, కానీ నిలకడగా ఉంది’ అంటున్నారు. బంధువులేమో ‘వెంటిలేటర్ దాకా వెళ్లినవాళ్లు వెనక్కి రారు’ అంటున్నారు. పాప చేతులు కట్టేసి ఉన్నాయి, ముఖం ఉబ్బింది, మానిటర్ ఊరికే మోగుతోంది. దేన్ని చూసి భయపడాలి, దేన్ని చూసి ధైర్యం తెచ్చుకోవాలి, మా మాటలు పాపకు వినిపిస్తాయా, వేరే ఆసుపత్రికి మార్చాలా అని మీ ప్రశ్న.

సూటిగా ముందే చెప్పేస్తాను. వెంటిలేటర్ పెట్టినంత మాత్రాన ఆఖరి దశ అని కాదు. అంతకుముందు ఆరోగ్యంగా ఉండి, న్యుమోనియా వల్ల వెంటిలేటర్ మీదికి వెళ్లిన పిల్లల్లో ఎక్కువమంది, పరికరాలూ మనుషులూ సరిగ్గా ఉన్న యూనిట్లలో, గొంతులోంచి ట్యూబు తీయించుకుని ఇంటికి వెళ్తారు. అలాగని వెంటిలేటర్ జబ్బును నయం చేయదు. యాంటీబయాటిక్ పనిచేసి ఊపిరితిత్తులు తేరుకునేదాకా గడువు సంపాదించి పెడుతుంది, అంతే. అందుకని మీరు రోజూ అడగాల్సిన ప్రశ్న ఒకటే: యంత్రం ఇస్తున్న సాయం నిన్నటికంటే ఇవాళ తగ్గిందా, పెరిగిందా?

నేను పిల్లల ఐసీయూలో స్టాఫ్ నర్సుగా మొదలుపెట్టి ఇప్పుడు అదే విభాగానికి ఇన్‌ఛార్జిగా ఉన్నాను. మీ పాపను నేను చూడలేదు, కేస్ షీట్ చూడలేదు. వైద్యం విషయంలో మీ డాక్టర్ల మాటే లెక్క. రోజంతా మంచం పక్కన నిలబడే మనిషిగా, ఆ గదిలో మీకు కనిపించేవాటికి అర్థం ఏమిటో మాత్రం చెప్పగలను.

ముందు బంధువుల మాట సంగతి. వెంటిలేటర్ దాకా వెళ్లే పెద్దవాళ్లలో చాలామందికి అప్పటికే గుండె జబ్బో, కిడ్నీ జబ్బో, ఏళ్ల తరబడి ఉన్న ఊపిరితిత్తుల జబ్బో ఉంటుంది. ఆ మాట వాళ్లను చూసి పుట్టింది. పిల్లల లెక్క వేరు. పసిపిల్లలకు కిలో బరువుకు పెద్దవాళ్లకంటే దాదాపు రెట్టింపు ఆక్సిజన్ కావాలి, దాచుకున్న నిల్వేమో తక్కువ. శ్వాసనాళం సన్నం. వాపు వల్ల ఆ దారి వెడల్పు సగానికి తగ్గితే గాలికి అడ్డం రెండింతలు కాదు, పదహారు రెట్లవుతుంది. పక్కటెముకలు మెత్తన. డొక్కలు ఎగరేస్తూ, మూలుగుతూ ఊపిరి తీసే బిడ్డ కొంతసేపు నెట్టుకొస్తుంది, ఆ తర్వాత ఉన్నట్టుండి అలసిపోతుంది. ఆయాసంతో కొట్టుకుంటున్న పిల్ల మందేమీ పనిచేయకుండానే ‘నెమ్మదించింది, నిద్రపోతోంది’ అని ఎవరైనా అంటే మేం పరుగెత్తుకుంటూ వెళ్తాం. అది నిద్ర కాకపోవచ్చు.

పెద్దవాళ్లకు గుండె ఆగిందంటే తరచుగా కారణం గుండెలోనే ఉంటుంది. పిల్లల్లో ఎక్కువసార్లు ఊపిరి చాలకో, షాక్‌లోకి (రక్తప్రసరణ పడిపోయే స్థితిలోకి) జారో ఆ తర్వాత గుండె ఆగుతుంది. అంటే ఊపిరి బాధ్యతను సకాలంలో తీసుకుంటే ఆ చివరి ప్రమాదాన్ని చాలావరకు తప్పించవచ్చు. అందుకే అనుభవం ఉన్న డాక్టరు ట్యూబు వేయడానికి ఆఖరి నిమిషం దాకా ఆగరు. మీ పాపకు ముందు ముక్కు దగ్గర హై ఫ్లో ఆక్సిజన్ (సన్నటి గొట్టాలతో వేగంగా పంపే ఆక్సిజన్) పెట్టి, అది చాలక ట్యూబు వేశామని చెప్పారు కదా, అది సరైన వరసే. చేతులెత్తేయడం కాదు.

ఈ వైద్యం పుట్టిందే ఇలాంటి ఒక అమ్మాయి దగ్గర. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించి ఊపిరి కండరాలు చచ్చుబడిన పిల్లలతో ఆసుపత్రి నిండిపోయింది, యంత్రాలు చాలలేదు. మత్తు డాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్ 12 ఏళ్ల అమ్మాయికి గొంతు దగ్గర రంధ్రం చేయించి, ట్యూబు పెట్టి, చేత్తో బ్యాగు నొక్కుతూ ఊపిరి అందించి చూపించాడు. ఆ తర్వాత వైద్య విద్యార్థులు వంతులు వేసుకుని, పగలూ రాత్రీ రోగుల పక్కన కూర్చుని బ్యాగు నొక్కారు. మరణాలు బాగా తగ్గాయి. 1955లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో యోరన్ హాగ్లుండ్ పిల్లలకంటూ ప్రత్యేకంగా ఐసీయూ మొదలుపెట్టాడు. యంత్రం అప్పుడూ ఇప్పుడూ చేస్తున్నది ఒకటే పని: ఒంట్లో సత్తువ తిరిగొచ్చేదాకా ఊపిరి అందించడం.

ఇక మానిటర్. తల్లిదండ్రులందరి కళ్లూ దానిమీదే ఉంటాయి. ఒక తండ్రి పుస్తకం పెట్టుకుని గంటగంటకూ అంకెలు రాసుకునేవాడు. 96 కాస్తా 93 అయితే మొహం పాలిపోయేది, 98 అయితే అందరికీ ఫోన్లు చేసేవాడు. ఆ ఎగుడుదిగుళ్లలో ఆయన కూడా రోగిలా తయారయ్యాడు. బాబు మాత్రం ఆ రోజుల్లో మెల్లగా కోలుకుంటూనే ఉన్నాడు. ఆయన చూస్తున్న అంకెలో ఆ సంగతి కనిపించదు.

ఎందుకంటే ఆక్సిజన్ అంకె ఒక్కటే చూస్తే అది సగం సమాచారమే. యంత్రం 70 శాతం ఆక్సిజన్ తోస్తే వచ్చిన 95 వేరు, 35 శాతానికే వచ్చిన 95 వేరు. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. వెంటిలేటర్ తెర మీద ఎఫ్ఐఓటూ అనే అంకె, పాపకు ఇస్తున్న గాలిలో ఆక్సిజన్ ఎంత శాతమో చెబుతుంది. అది 40కి, అంతకంటే కిందికి దిగుతోందంటే దారి మంచిదే. 60 దాటి అక్కడే కూర్చుంటే ఊపిరితిత్తులు ఇంకా మొరాయిస్తున్నట్టు. దాని పక్కనే పీప్ అని ఉంటుంది. ఊపిరి వదిలాక కూడా గాలి తిత్తులు మూసుకుపోకుండా ఉంచే ఒత్తిడి అది. ట్యూబు తీసే రోజు దగ్గరపడేసరికి సాధారణంగా 5 ప్రాంతానికి వస్తుంది. మూడోది, యంత్రం ఇచ్చే ఊపిర్లు కాకుండా పాప సొంతంగా ఎన్ని తీస్తోంది అన్నది. ఈ మూడూ రోజుకొకసారి, రౌండ్స్ అయ్యాక, నర్సును అడిగి తెలుసుకోండి. గంటగంటకూ వద్దు.

ఆక్సిజన్ 100 ఎందుకు లేదని చాలామంది అడుగుతారు. 100 రావాలని మేం కోరుకోం. ఊపిరితిత్తులు దెబ్బతిన్న పిల్లలకు 92 నుంచి 97 మధ్య ఉంటే చాలు. బాగా దెబ్బతింటే 88 నుంచి 92 మధ్య ఉన్నా ఒప్పుకుంటారు. ఆ అంకెను పైకి లాగడానికి ఒత్తిడి పెంచితే ఆ ఒత్తిడే ఊపిరితిత్తికి గాయం చేస్తుంది. అందుకే ఒక్కో ఊపిరికి పంపే గాలి కూడా కొలతే: కిలోకు సుమారు 6 నుంచి 8 మిల్లీలీటర్లు. మీ పాపకు ఆ లెక్కన 90 నుంచి 120 మిల్లీలీటర్లు, అంతే. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ కొంచెం ఎక్కువగా ఉన్నా, రక్తంలో ఆమ్లం స్థాయిని చెప్పే పీహెచ్ మరీ పడిపోకపోతే చూస్తూ ఊరుకుంటారు. మీరు చూసే రిపోర్టులో అది ఎర్రక్షరాల్లో ఉంటుంది. ఆ ఎర్రక్షరాలు చూసి డాక్టరు పట్టించుకోవడం లేదనుకోకండి.

మోత గురించి. ఎక్కువసార్లు మోగేది పాప వల్ల కాదు, కాలి బొటనవేలికి చుట్టిన ఎర్ర లైటు క్లిప్పు జారడం వల్ల. ఆక్సిజన్ అంకె పక్కన ఒక అల ఉంటుంది చూడండి. అల నున్నగా, ఒకే తీరుగా పైకీ కిందికీ పోతుంటే అంకె నమ్మొచ్చు. అల చిందరవందరగానో, గీతలా సాగిపోయో ఉంటే ముందు క్లిప్పునే చూస్తాం. కాలు చల్లగా ఉన్నా, పాప వేళ్లు కదిపినా అంతే. అలారం మోగినప్పుడు నర్సు తీరిగ్గా నడిచొస్తే నిర్లక్ష్యం అనుకోవద్దు. రెండో మంచం దగ్గర నుంచే ఆమె ఆ అలను చూసి ఉంటుంది. నిజంగా ప్రమాదమైతే ఆమె నడవదు.

అంకెలకంటే నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చేవి రెండున్నాయి. ఒకటి మూత్రం సంచి. మంచం కింద వేలాడుతుంటుంది, ఎవరూ చూడరు. కిలోకు గంటకు 1 మిల్లీలీటరు వస్తోందంటే, అంటే మీ పాపకు గంటకు 15 దాకా, రక్తం లోపలి అవయవాలకు బాగానే అందుతోందని అర్థం. రెండోది అరికాళ్లు. గోరువెచ్చగా ఉండి, వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు మూడు సెకన్లలోపే ఎరుపు తిరిగొస్తే రక్తప్రసరణ బాగున్నట్టు. పిల్లలకు బీపీ చివరిదాకా పడదు. రక్తనాళాలు బిగబట్టి, గుండె వేగం పెంచి నిలబెట్టుకుంటారు. అది పడేసరికి చాలా ఆలస్యమైపోతుంది. ఈ వయసుకు పై బీపీ 78 కంటే తగ్గితే తక్కువ అంటారు, కానీ మేం అంతదాకా ఆగం. చల్లబడిన కాళ్లు, తగ్గిన మూత్రం, పెరిగిన లాక్టేట్ (ఒంటికి రక్తం చాలనప్పుడు పేరుకునే పదార్థం) చూసే కదులుతాం.

ముఖం ఉబ్బడం అందరినీ కుంగదీస్తుంది. ‘మా పిల్లలాగే లేదు’ అంటారు. ఇన్ఫెక్షన్‌లో రక్తనాళాల గోడలు కారుతాయి, సెలైన్‌లోని నీరు కణజాలంలోకి పోతుంది, కదలకుండా పడుకుంటుంది, అందుకే రెప్పలు కూడా తెరవలేనంతగా ఉబ్బుతుంది. కోలుకునే దశ మొదలయ్యాక మూత్రం బాగా వస్తుంది, అవసరమైతే దానికి మందిస్తారు, ముఖం మళ్లీ మామూలవుతుంది. దీనితోపాటే వచ్చే ప్రశ్న, ‘ఇంకా సెలైన్ ఎక్కించరా?’ అని. 2011లో ఉగాండా, కెన్యా, టాంజానియాలలో 3,000కు పైగా పిల్లల మీద జరిగిన ఒక పెద్ద పరిశీలన ఫలితాలు వచ్చాయి. తీవ్రమైన జ్వరంతో, రక్తప్రసరణ సరిగా లేక వచ్చినవాళ్లలో కొందరికి గబగబా ఎక్కువ సెలైన్ ఎక్కించారు, కొందరికి ఎక్కించలేదు. ఎక్కించినవాళ్లలో 48 గంటల్లో సుమారు 10.5 శాతం మంది చనిపోయారు, ఎక్కించనివాళ్లలో 7.3 శాతం. అక్కడ ఐసీయూ సదుపాయాలు లేవు, కాబట్టి ఆ అంకెలు మీ పాపకు అలాగే వర్తించవు. కానీ సెలైన్ కూడా మందే, మోతాదు మించితే హానే అన్నది ఆ తర్వాత అందరికీ బాగా తలకెక్కింది.

రక్తం కూడా అంతే. హిమోగ్లోబిన్ 8 ఉందనగానే ‘మా గ్రూపు అదే, ఇస్తాం’ అని బంధువులు వరస కడతారు. మంచి మనసే. కానీ నిలకడగా ఉన్న ఐసీయూ పిల్లల్లో 7 గ్రాముల దాకా ఆగినా, 9.5 దగ్గరే ఎక్కించినా ఫలితంలో తేడా రాలేదని 637 మంది పిల్లల మీద జరిగి 2007లో వెలువడిన పరిశీలన తేల్చింది. అవసరం లేని రక్తం ఎక్కించకపోవడం కూడా వైద్యమే.

చేతులు కట్టేయడం. మీ ప్రశ్నలో ఈ వాక్యం దగ్గర మీ బాధ నాకు తెలిసింది. కారణం చెబుతాను. ట్యూబు పెదవి దగ్గర ప్లాస్టరుతో అంటించి ఉంటుంది, లోపలి కొన శ్వాసనాళంలో ఉంటుంది. నాలుగేళ్ల పిల్లకు మత్తు కాస్త తేలితే మొట్టమొదట చెయ్యి నోటి దగ్గరికే పోతుంది. ఒక్క లాగుడుకు ట్యూబు ఊడొస్తే, వాచిన గొంతులో మళ్లీ వేయడం మొదటిసారికంటే కష్టం. అయితే కట్టు ఒక్కటే మార్గం కాదు. మీరు పక్కన ఉండి రెండు చేతులూ పట్టుకుని కూర్చునేటప్పుడు ‘కాసేపు విప్పుతారా?’ అని నర్సును అడగండి. మేం చాలాసార్లు విప్పుతాం. తల్లో తండ్రో చెయ్యి పట్టుకుంటే మత్తు మోతాదు తగ్గించగలిగిన పిల్లల్ని నేను చూశాను. కట్టు కింద చర్మం ఎర్రబడిందా, వేళ్లు చల్లబడ్డాయా మీరూ చూడొచ్చు. ఏమైనా అనిపిస్తే మొహమాటపడకుండా చెప్పండి.

సక్షన్ చేసేటప్పుడు బయటికి వెళ్లిపోవాలనిపిస్తుంది. ట్యూబులోకి సన్నటి గొట్టం దించి కఫం లాగుతాం. పాప ముఖం కందిపోతుంది, శబ్దం లేకుండా దగ్గుతుంది, కళ్లమ్మట నీళ్లొస్తాయి, ఆక్సిజన్ కొద్దిసేపు పడి మళ్లీ లేస్తుంది. శబ్దం ఎందుకు రాదంటే ట్యూబు స్వరతంతుల మధ్యగా వెళ్తుంది. గొంతు పోలేదు. నర్సుగా నేను ఆ దగ్గు కోసమే ఎదురుచూస్తాను. గట్టిగా దగ్గే బిడ్డ ట్యూబు తీశాక తన కఫం తానే బయటికి తెచ్చుకోగలదు.

వినిపిస్తుందా అన్నారు. వినిపిస్తుందనే అనుకుని మాట్లాడండి. మత్తు లోతు రోజులో పలుమార్లు మారుతుంది. కండరాలు కదలకుండా చేసే మందు కూడా నడుస్తుంటే పాప ఏ స్పందనా చూపలేకపోతుంది, అయినా వినికిడి పోదు. అందుకే మంచం పక్కన ‘ఇక కష్టం’ లాంటి మాటలు వద్దు, ఏడుస్తూ పేరు పెట్టి కుదపడం వద్దు. మామూలుగా మాట్లాడండి. ఏం జరుగుతోందో చెప్పండి: ‘నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు, గొంతులో చిన్న గొట్టం ఉంది, అందుకే మాట రావట్లేదు, నేను ఇక్కడే ఉన్నా.’ రోజూ ఇంట్లో పడుకునేముందు చెప్పే కథ ఉంటే అదే చెప్పండి. కొత్తది వద్దు, తెలిసినదే కావాలి. ఇది మనసు నిమ్మళం కోసం చెప్పే మాట కాదు. ఐసీయూ పిల్లల్లో మతిభ్రమ లాంటి స్థితి, డెలీరియం, చాలా కనిపిస్తుంది. తెలిసిన గొంతు, పగలు వెలుతురు, రాత్రి చీకటి, తెలిసిన బొమ్మ, ఇవన్నీ దానికి మందుల పక్కన నిలబడతాయి.

డెలీరియం గురించి ముందే తెలిసి ఉంటే మీరు హడలిపోరు. ఆరేళ్ల బాబు ఒకడు ట్యూబు తీశాక గోడ మీద చీమలు పాకుతున్నాయని అరిచేవాడు. వాళ్లమ్మను చూసి ‘ఈమె ఎవరు, పంపెయ్యండి’ అన్నాడు. ఆమె కూలబడిపోయింది, మెదడు దెబ్బతిందనుకుంది. మత్తు మందులు మార్చి, రాత్రిపూట అనవసరంగా లేపకుండా చూసి, ఆమెనే పక్కన కూర్చోబెట్టాం. కొద్దిరోజుల్లో బాబు మామూలయ్యాడు, ఆ చీమల సంగతి వాడికి గుర్తు కూడా లేదు. మీ పాప ఎటో చూస్తూ ఉండిపోయినా, మిమ్మల్ని పట్టించుకోకపోయినా, ‘ఇది డెలీరియం కావచ్చా?’ అని అడగండి. ఊరికే మగతగా పడి ఉండేది కూడా డెలీరియమే కావచ్చు. అది అందరూ మిస్సవుతారు.

ట్యూబు ఎప్పుడు తీస్తారన్నది తేదీ చెప్పి చేసే పని కాదు. జ్వరం, ఎక్స్‌రే మెరుగుపడాలి, ఆక్సిజన్ శాతం తగ్గాలి, గుండెకు ఇచ్చే అడ్రినలిన్ లాంటి డ్రిప్పులు ఆగాలి లేదా బాగా తగ్గాలి, పాప మెలకువగా ఉండాలి, దగ్గాలి. అప్పుడు యంత్రం సాయం బాగా తగ్గించి అరగంట నుంచి రెండు గంటల దాకా సొంతంగా ఊపిరి తీయనిస్తారు. నెగ్గితే, కడుపులోకి ఇచ్చే పాలు కొన్ని గంటల ముందు ఆపి తీస్తారు. తీశాక గొంతు బొంగురుపోతుంది, ఊపిరి తీసేటప్పుడు ఈల లాంటి శబ్దం రావచ్చు. వాపు తగ్గించే మందు, నెబులైజర్ ఇస్తారు. కొందరికి రెండు రోజుల్లోపు మళ్లీ ట్యూబు వేయాల్సి వస్తుంది. అది జరిగితే మొదటికొచ్చామని కుప్పకూలవద్దు. ఇంకొన్నాళ్లు గడువు కావాలని ఒళ్లు అడిగింది, అంతే. తీశాక నేరుగా మామూలు గాలికి రారు. హై ఫ్లో లేదా బైపాప్ మాస్కు (ట్యూబు లేకుండా ముఖానికి పెట్టి గాలి తోసేది) మీద కొన్నాళ్లు ఉంటారు.

ఇప్పుడు కష్టమైన మాట. అందరూ ఇంటికి వెళ్లరు. మీ పాప విషయంలో అలా జరుగుతుందనడానికి మీరు రాసినదాంట్లో ఏమీ కనిపించలేదు. అయినా మీకు నిజం తెలియాలి కాబట్టి రాస్తున్నాను. ఆక్సిజన్ 60 శాతం పైన రోజుల తరబడి ఉండటం, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం, మూత్రం ఆగిపోవడం, గుండెకు ఇచ్చే డ్రిప్పులు ఒకటి తర్వాత ఒకటి పెరగడం, వెంటిలేటర్ మీద ఉండగా కొత్త ఇన్ఫెక్షన్ రావడం, ఇవి భయపడాల్సినవి. అవి కనిపిస్తే డాక్టరును పక్కకు తీసుకెళ్లి ‘మీకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళనగా ఉన్నది ఏది?’ అని అడగండి. ‘ఎంత శాతం ఆశ ఉంది?’ అంటే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. మొదటి ప్రశ్నకు మాత్రం నిజాయితీ ఉన్న డాక్టరు ఒక్కటైనా పేరు పెట్టి చెబుతారు. రెండో ప్రశ్న: ‘రేపటికి ఏం జరిగితే మీరు సంతోషిస్తారు?’ ఈ రెండూ రోజూ అడిగే తల్లిదండ్రులకు పరిస్థితి మాకెంత తెలుసో దాదాపు అంత తెలుస్తుంది.

ఇంటి తరఫున ఒక్కరే డాక్టరుతో మాట్లాడి మిగతావాళ్లకు చెప్పడం మంచిది. ఐదుగురు ఐదు షిఫ్టుల డాక్టర్లను అడిగితే ఐదు రకాల మాటలు వస్తాయి. అందులో నాలుగు ఒకే సంగతిని వేరే మాటల్లో చెప్పినవే. ఇంట్లో గొడవలకు అదే మూలం.

ఆసుపత్రి మార్చడం. వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డను కదిలించడం చిన్న పని కాదు. దారిలో ట్యూబు జరగొచ్చు, డ్రిప్పు ఆగొచ్చు, ఆక్సిజన్ చాలకపోవచ్చు. అందుకని ‘ఇంకా పెద్ద ఆసుపత్రి’ అన్నది కారణం కాకూడదు. ఇక్కడ లేనిది, మీ పాపకు ఇప్పుడు కావాల్సినది అక్కడ ఏముందో తేలాలి. పిల్లలకు డయాలిసిస్, చాలా వేగంగా చిన్న చిన్న ఊపిర్లు ఇచ్చే హై ఫ్రీక్వెన్సీ వెంటిలేటర్, ఊపిరితిత్తుల పని ఒంటి బయట చేసే ఎక్మో, రాత్రి కూడా మంచం దగ్గర ఉండే పిల్లల ఐసీయూ డాక్టరు, ఇలాంటివి. మీ పాప నిలకడగా ఉందంటున్నారు, ఆక్సిజన్ 45 శాతానికి దిగిందని మీరే రాశారు. ఈ దశలో నేనైతే కదిలించను. అనుమానం ఉంటే రిపోర్టులు, ఎక్స్‌రేలు తీసుకుని వేరే పిల్లల ఐసీయూ డాక్టరు అభిప్రాయం అడగండి. కాగితాలు ప్రయాణం చేస్తే చాలు, పాప అక్కర్లేదు. మార్చాల్సి వస్తే మాత్రం ఎక్కించే అంబులెన్స్‌లో పిల్లలకు సరిపోయే వెంటిలేటర్, ట్యూబు మళ్లీ వేయగల మనిషి ఉన్నారో లేదో అడిగాకే కదలండి. అక్కడ మంచం ఖాయమైందని డాక్టరు డాక్టరుతో మాట్లాడుకోవాలి.

మీరు చేయగల పనులు ఇంకా కొన్ని ఉన్నాయి. పాప దగ్గరికి వెళ్లేముందు, వచ్చాక చేతులు కడగండి. ఎవరైనా, డాక్టరైనా సరే, కడగకుండా ముట్టుకోబోతే అడగండి. తల వైపు మంచం 30 డిగ్రీలు ఎత్తి ఉండాలి. అది దిగిపోయి కనిపిస్తే చెప్పండి, ఊపిరితిత్తుల్లోకి కొత్త ఇన్ఫెక్షన్ రాకుండా ఉండటానికి అదొక అడ్డుకట్ట. తల వెనుక భాగం, మడమలు, చెవుల దగ్గర ప్లాస్టరు కింద చర్మం ఎర్రబడుతుందా చూడండి. మాకు అనుమతి ఉన్నచోట నోరు తుడవడం, పెదవులకు జెల్ రాయడం, కాళ్లూ చేతులూ మెల్లగా వంచి చాచడం తల్లిదండ్రులకే నేర్పుతాం. అడిగితే మీకూ నేర్పుతారు. అప్పటిదాకా మూలన నిలబడి చూస్తున్న మనిషి నోరు తుడవడం మొదలుపెట్టాక భుజాలు నిటారుగా అవుతాయి.

పెద్దబ్బాయిని తీసుకురావచ్చా అని చివర్లో రాశారు. యూనిట్ ఒప్పుకుంటే, వాడికి జలుబూ జ్వరం లేకపోతే తీసుకురండి. ముందురోజు ఫోటో చూపించి ట్యూబు, యంత్రం, ఉబ్బిన ముఖం గురించి చెప్పండి. రానంటే బలవంతం చేయవద్దు. చెల్లికి జబ్బు వాడివల్ల రాలేదని మాత్రం నోటితో స్పష్టంగా చెప్పండి. ఏడెనిమిదేళ్ల పిల్లలు ఆ నేరం తమమీద వేసుకుంటారు, పైకి చెప్పరు.

ట్యూబు తీసి వార్డుకు మారాక కూడా పని ఉంటుంది. మత్తు మందు ఐదు రోజులు దాటి నడిస్తే ఒక్కసారిగా ఆపకూడదు. ఆపితే చెమటలు, వణుకు, ఆవలింతలు, విరేచనాలు, తెగని ఏడుపు వస్తాయి. ఇన్ఫెక్షన్ తిరగబెట్టిందని పొరబడే వీలుంది. తగ్గించే లెక్క కాగితం మీద రాయించుకోండి, వార్డు నర్సుకు చూపించండి. మొదట్లో మింగేటప్పుడు దగ్గొస్తే ఆపి చెప్పండి, పొరబోయి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. నడక తడబడుతుంది, పట్టుకుంటే గానీ నిలబడకపోవచ్చు. ఫిజియోథెరపీ ఇంటికి వెళ్లాక కూడా సాగాలి. రాత్రుళ్లు ఉలిక్కిపడి లేవడం, మిమ్మల్ని వదలకపోవడం, పక్క తడపడం కొన్ని వారాలు ఉండొచ్చు. అది మొండితనం కాదు, తిట్టకండి. రెండు మూడు నెలలు దాటినా తగ్గకపోతే, లేదా మీలో ఎవరికైనా ఆ అలారం మోత చెవుల్లోంచి పోక నిద్ర పట్టకపోతే, తిరిగి చూపించుకునే రోజున ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. డిశ్చార్జి కాగితంలో వెంటిలేటర్ మీద ఎన్ని రోజులు ఉంది, ట్యూబు సైజు ఎంత, ఏ మత్తు మందులు వాడారు అన్నది రాసి ఉందో లేదో చూసుకోండి. మళ్లీ ఎప్పుడైనా ఆపరేషనో, ఆయాసమో వస్తే ఎదుటి డాక్టరు మొట్టమొదట అడిగేది అదే.